బాలచంద్ర పేరున కంబోడియాకు

తిరుపతి,
8 జూలై 2024

మామకు నమస్కారాలు.

మీ చెవి మిషను ఫోను దగ్గర పెడితే మళ్లీ ఈల వేస్తోందని అత్తమ్మ చెప్పింది. ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట వినబడుతోంది కదా, ఫోను సంగతి వదిలేయండి. ఉత్తరం రాయడం నాకేమీ కష్టం కాదు. కాలేజీలో పేపర్లు దిద్దడం కంటే ఇదే నయం. లోహితకు ముందు పళ్లు ఊడిపోయాయి. తాతకు ఫోటో పంపొద్దని ఒట్టు పెట్టించుకుంది.

బాలచంద్ర స్మారక ఉపకార వేతనానికి ఈ ఏడాది మనిషిని ఎంపిక చేశాం. పేరు భవిత, సత్యవేడు అమ్మాయి, ఇక్కడే జర్నలిజం చదువుతోంది. మొదటి ఏడు మనం పంపిన అబ్బాయి శ్రీలంక తేయాకు తోటల మీద రాశాడు. పోయినేడు వెళ్లినతను నేపాల్ నుంచి రాశాడు. ఈ అమ్మాయి కంబోడియా వెళ్తానంటోంది. కంప్యూటరు ఉద్యోగమని మన జిల్లా కుర్రాళ్లను తీసుకుపోయి, అక్కడ గోడల మధ్య కూర్చోబెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు కాజేస్తున్నారు కదా, దాని మీద రాస్తుందట.

ట్రస్టులో ఉన్న గిరిప్రసాద్ గారు, అదే, బాలచంద్రకు ఎడిటరుగా ఉన్నాయన, ముందు ఒప్పుకోలేదు. ఆడపిల్ల, ఆ చోటు మంచిది కాదన్నారు. దానికి భవిత, "నేను లోపలికి పోను సార్. బయటపడి షెల్టర్లలో ఉండేవాళ్లతో మాట్లాడతా. మన బాస తెలిసినోళ్లు పోకుంటే వాళ్ల మాట ఎవురు రాస్తారు?" అంది. ఆయన ఒప్పుకున్నారు. ఐరాల నుంచి కువైట్‌కు పోయిన ఆడవాళ్ల గురించి అక్కడికే వెళ్లి రాయాలని బాలచంద్ర పత్రికను ఎన్నిసార్లు అడిగాడో ఆయనకూ తెలుసు. ఆ ప్రయాణానికి పత్రిక దగ్గర డబ్బు లేకపోయింది. ఆ తర్వాత పుత్తూరు రోడ్డు మీద లారీ గుద్దేసరికి అడిగే మనిషే లేకుండా పోయాడు. మీరు మగ్గాల షెడ్డు అమ్మి ఈ ట్రస్టు పెట్టిందే అందుకు.

మీ సంతకం కావాల్సిన కాగితం ఇందులోనే పెట్టాను.

మీ కోడలు
మోనిక

*

నగరి,
15 జూలై 2024

చిరంజీవి మోనికకు, మనవరాలికి మామ ఆశీస్సులు.

సంతకం పెట్టి పంపుతున్నాను. చదివే పెట్టాను. ఇక్కడ వానలకు మన వీధిలో నీళ్లు నిలిచాయి. షెడ్డు కొన్నవాడు దానికి నీలం రంగు వేయించాడు. నేను అటువైపు పోవడం లేదు.

నీ ఉత్తరం రాకముందే నువ్వు ఫోనులో చెప్పిన సంగతి మీ అత్త నాకు చెప్పింది. మునికృష్ణ ఉండే దేశానికే మనం పంపే పిల్ల పోతోందని, వాణ్ణి పిలుచుకొస్తుందని. వాడు నీకు గుర్తున్నాడో లేదో. వెనక వీధి దేవకమ్మ కొడుకు. ఆమె మన షెడ్డులో కండెలకు దారం చుట్టేది, ఇప్పుడు కొత్త ఓనరు దగ్గర అదే పని చేస్తోంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో కొడుకును డిప్లొమా దాకా చదివించింది. వాడు సత్యవేడు పక్కన ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే, బ్యాంకాకులో ఇంతకు రెండింతల జీతమని ఒక ఏజెంటు తీసుకుపోయాడు. బ్యాంకాకన్నది కంబోడియా అయింది. మొదట్లో ఫోను చేసి, కొడుతున్నారమ్మా అని ఏడ్చేవాడు. పోయిన దీపావళి తర్వాత ఫోనే లేదు. చిత్తూరు వెళ్లి మనిషి తప్పిపోయాడని పోలీసులకు రాసిచ్చినప్పుడు ఆమె వెంట పోయింది నేనే.

అందుకే వెంటనే పోయి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి, "నిజంగా పిల్చకొస్తాదా సామీ?" అని అడిగింది. పిలుచుకొస్తుందని చెప్పాను. సాయంత్రం వాడి ఫోటో, ఒక డబ్బా నిమ్మకాయ ఊరగాయ తెచ్చి ఇచ్చింది. రెండూ బస్సు పార్సిల్లో పంపాను, ఆ పిల్లకు అందజేయి. బాలచంద్ర పేరు మీద ఇన్నాళ్లకు ఒక పని జరగబోతోంది.

మామ
సుబ్రమణ్యం

*

తిరుపతి,
19 జూలై 2024

మామా,

అత్తమ్మతో నేనన్నది ఒకటి, ఆమె విన్నది ఒకటి. భవిత మునికృష్ణ ఉన్న దేశానికి వెళ్తోందన్నాను, అంతే. మనుషులను విడిపించి తేవడం ఆ అమ్మాయి చేతిలో లేదు. అది రాయబారి కార్యాలయం పని, పోలీసుల పని. అక్కడి వాళ్లు ఎలాంటివాళ్లో తెలిసి కూడా ఒక విద్యార్థిని మీద అంత బరువు పెట్టకూడదు. దయచేసి దేవకమ్మకు ఇది మీరే స్పష్టంగా చెప్పండి. ఆమె ఆశ పెరిగేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది.

ఊరగాయ, ఫోటో అందాయి. భవితకు ఇచ్చాను. కనబడితే ఇస్తానంది. అంతకు మించి ఆ అమ్మాయి మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

లోహిత మీరు పంపిన టవలుతో చీర కట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది.

మోనిక

*

నగరి,
2 ఆగస్టు 2024

చిరంజీవి మోనికకు,

నువ్వు చెప్పమన్నట్టు పోయాను. పోయేసరికి ఆమె వాడి మంచం బయట వేసి నవారు బిగిస్తోంది. "వచ్చినాక నేల మీద పండుకోనీను సామీ" అంది. ఆ పిల్ల పోయేది రాయడానికి మాత్రమేనమ్మా అని చెప్పాను. "రాసినాకే పిల్చకొస్తాదిలే" అని నవారు లాగింది. నేను తిరిగి వచ్చేశాను. చెప్పానంటే చెప్పాను, చెప్పలేదంటే చెప్పలేదు.

నాకూ ఒక సంగతి అర్థం కావడం లేదు. అంత దూరం పోయి, కష్టంలో ఉన్నవాణ్ణి చూసి, రాసుకుని వచ్చేయడమేనా? మీ చదువులో అది సరే కావచ్చు. నా కొడుకు బతికుంటే అలా వచ్చేసేవాడు కాదనిపిస్తుంది.

కోపంతో రాయడం లేదు. మీ అత్తకు మోకాలి నొప్పి తగ్గింది.

మామ

*

తిరుపతి,
18 అక్టోబరు 2024

మామకు నమస్కారాలు.

భవిత వెళ్లి నెల దాటింది, క్షేమంగా ఉంది. షెల్టరులో ఉన్న కుర్రాళ్లతో రోజూ మాట్లాడుతోంది. గిరిప్రసాద్ గారు పొద్దున, సాయంత్రం ఫోను చేసి కనుక్కుంటున్నారు. అక్కడ మన సాంబారు పొడి దొరికే కొట్టు కనిపెట్టానని మొన్న సంబరంగా చెప్పింది.

మునికృష్ణ గురించి మూడు కార్డులు రాశారు. దానికి నేనిప్పుడు జవాబు చెప్పలేను. దయచేసి మళ్లీ అడగొద్దు. దేవకమ్మతోనూ ఏమీ అనొద్దు.

మోనిక

*

నగరి,
23 అక్టోబరు 2024

చిరంజీవి మోనికకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాయలేకపోయింది నాకు అర్థమైంది. మీ అత్తకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. వాడు చిన్నప్పుడు మన బాలచంద్ర సైకిలు వెనకాల పరుగెత్తేవాడు.

ఎప్పుడు పోయాడు? ఎవరైనా కొట్టారా, జబ్బా? శవాన్ని పంపుతారా, అక్కడే ముగించేశారా? ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను మూడు రోజులుగా వెనక వీధిలోకి పోవడం లేదు. ఈ రోజు ఆమే ఎదురై, "ఏం సామీ, మా ఇంటి పక్కకే రావడం లేదే" అంది. జ్వరమని చెప్పాను. దీపావళికి వాడికి కొత్త చొక్కా కొని పెట్టిందట.

వెంటనే రాయి.

మామ

*

తిరుపతి,
26 అక్టోబరు 2024

మామా,

మునికృష్ణ బతికే ఉన్నాడు. నా రాత వల్ల మీరంత బాధపడ్డారు, క్షమించండి. మీ ఉత్తరం చూడగానే అత్తమ్మకు ఫోను చేసి ఆ ఒక్క మాట చెప్పాను. మిగతాది ఆమెకు చెప్పలేదు. ఇది మీరొక్కరే చదవండి.

షెల్టరులోని ఇద్దరు కుర్రాళ్లు భవితకు తమను పనిలో పెట్టి నేర్పిన తెలుగువాడి గురించి చెప్పారు. పేరు విని, ఫోటో చూపించింది. అతనే. కబురు పంపితే మొదట రానన్నాడు. మీ అమ్మ ఊరగాయ ఇచ్చి పంపిందని చెబితే ఒక ఆదివారం నూడుల్స్ కొట్టుకు వచ్చాడు. అతను ఇప్పుడు బయటికి వచ్చి పోగలడు మామా. కాపలా లేదు.

అతను చెప్పింది భవిత నాకు చదివి వినిపించింది. "మొదట కరెంటు పెట్టి కొట్టినారక్కా. అదంతా నిజమే. ఇప్పుడు నేనే కొత్తోళ్లకు నేర్పిస్తా ఉండా. మన పక్క పెద్దోళ్లకు ఇంగ్లీషోడు మాట్లాడితే బయం, మన మాదిరి మాట్లాడితే నమ్మకం. యట్ల పిలవాల, యాడ ఆపాల, నాకు తెలిసినట్ల ఈళ్లకెవురికీ తెలీదు." తర్వాత డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్లీ మూసి ఇచ్చేశాడట. "మా యమ్మకు నేను కనపళ్లేదని చెప్పు. పేరు రాయొద్దు. ఈ రెండిటికీ ఒప్పుకుంటేనే ఇదంతా రాసుకో" అన్నాడు. భవిత ఒప్పుకుంది.

ఆ మాట మీద తెచ్చుకున్న నిజం ఇది. కాబట్టి మీరూ చెప్పకూడదు.

మోనిక

*

నగరి,
20 డిసెంబరు 2024

చిరంజీవి మోనికకు,

ఇన్నాళ్లు రాయలేదు, రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరం నాకు చేరేలోపే మీ అత్త పరుగున పోయి, నీ కొడుకు బతికుండాడంట అని దేవకమ్మతో చెప్పేసింది. ఆమెను తప్పు పట్టలేను. అప్పటి నుంచి దేవకమ్మ వాడు ఏ నెలలో వస్తాడని అడుగుతోంది. నాకు తెలియదంటున్నాను. ఈ వయసులో రోజూ అబద్ధం చెబుతున్నాను.

భవిత రాసిన మూడు భాగాలూ పేపర్లో చదివాను. బాగా రాసింది, కాదనను. పేరు మార్చి 'టీమ్ లీడర్' అని రాసిన భాగం చదువుతుంటే పుత్తూరు శ్రీనివాసులు మాస్టారు గుర్తొచ్చారు. పింఛను డబ్బంతా ఫోనులో పోగొట్టుకున్న మనిషి. "మనోడి మాదిరే మాట్లాడినాడప్పా, సామీ సామీ అన్న్యాడు" అని నాతో చెప్పి తల పట్టుకున్నారు. చేసింది మునికృష్ణ అనను. వాడి దగ్గర నేర్చుకున్నవాడు కావచ్చు.

వాడు చేసింది తప్పు. మీరు చేసింది కూడా నాకు నచ్చలేదు. ఆ తల్లి ఊరగాయ చూపించి వాణ్ణి రప్పించారు. వాడు చెప్పిందంతా రాసుకున్నారు. ఆ తల్లికి మాత్రం ఏమీ చెప్పకూడదు. దొంగకిచ్చిన మాట అంత గొప్పదా? వచ్చే ఏడాది ఎంపిక కాగితం పంపావు. ఆమెకు నిజం తెలిసేదాకా దాని మీద సంతకం పెట్టను. షెడ్డు అమ్మింది ఇందుకు కాదు.

సుబ్రమణ్యం

*

తిరుపతి,
4 జనవరి 2025

మామకు నమస్కారాలు.

మీరు 'మామ' అని రాయకుండా పేరు రాశారు. చూశాను.

మీరడిగింది న్యాయమే.  నేను చెప్పగలిగింది ఇంతే. భవిత రాసింది చదివి పీలేరులో ఇద్దరు కుర్రాళ్లు ప్రయాణం మానుకున్నారని గిరిప్రసాద్ గారికి ఫోను వచ్చింది. ఆ 'టీమ్ లీడర్' నోరు విప్పకపోతే ఆ రాతలో బలం లేదు. మాట ఇవ్వకపోతే అతను నోరు విప్పేవాడు కాదు. రేపు ఇంకొకరు వెళ్లి ఇంకొకర్ని అడిగినప్పుడు, మీవాళ్లు మాట నిలబెట్టుకోరన్న పేరు ఉండకూడదు. బాలచంద్ర కూడా తనకు వార్త చెప్పిన మనిషి పేరు మీతో ఎప్పుడూ అనలేదు, గుర్తు చేసుకోండి.

ఊరగాయ విషయంలో మాత్రం భవిత కూడా బాధపడుతోంది. డబ్బా వెనక్కి తెచ్చింది. ఎవరికివ్వాలో తెలియక హాస్టల్లో పెట్టుకుంది.

ఫిబ్రవరి 9న బాలచంద్ర సంస్మరణ సభ ఎప్పటిలాగే నగరిలోనే. భవిత మాట్లాడాలి. వద్దంటే చెప్పండి, తిరుపతిలో పెడతాం.

మోనిక

*

నగరి,
11 ఫిబ్రవరి 2025

చిరంజీవి మోనికకు,

లోహితకు అమ్మవారు పోసిందని నువ్వు రాకపోవడం మంచిదే అయింది, వచ్చి ఉంటే బాగుండేది అని రెండు రకాలుగానూ అనిపించింది. పిల్లకు వేపాకు పరిచి పడుకోబెట్టు. డాక్టరు ఇచ్చిన మందు కూడా మానొద్దు.

సభ చేనేత సంఘం హాలులో జరిగింది. నేను వద్దనలేదు, ఎందుకంటే బాలచంద్ర సభ. జనం బాగానే వచ్చారు. మోసపోయినవాళ్లు కూడా కొందరు వచ్చారు, శ్రీనివాసులు మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. భవిత చిన్న పిల్ల మోనికా. నేను ఇంకా పెద్దదనుకున్నాను. ఏజెంట్లు ఎలా వస్తారు, ఏ కాగితం అడగాలి, ఎక్కడ ఫోను చేయాలి, అన్నీ చక్కగా చెప్పింది. టీమ్ లీడర్ సంగతి ఎత్తలేదు.

చివర్న ఎవరైనా అడగవచ్చు అన్నారు. వెనక నుంచి దేవకమ్మ లేచింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర నిండా దారపు నూగు. తిన్నగా నడిచి ఆ పిల్ల ముందుకు వచ్చి నిలబడింది. నేను లేవబోయాను, మీ అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మా వాణ్ణి సూసినావా తల్లీ?" అని అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదేమో. ఆమె అడిగింది ఇదీ:

"సన్నబడినాడా?"

భవిత నా వైపు చూసింది, బల్ల వైపు చూసింది.  "లేదమ్మా" అంది.

దేవకమ్మ తల ఊపింది. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చి మెల్లగా అడిగింది. "అంటే కడుపు నిండా తింటా ఉండాడు. యెవురి కూడు?"

ఆ పిల్ల ఏడ్చేసింది.  దేవకమ్మ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. శ్రీనివాసులు మాస్టారు లేచి ఆమెకు దారి ఇచ్చారు.

ఇంటికి వచ్చాక భవితకు మీ అత్త మజ్జిగ ఇచ్చింది, తాగలేకపోయింది.  నాకు ఆ పిల్ల మీద ఉన్న కోపం ఏమైపోయిందో నాకే తెలియదు.

మామ

*

తిరుపతి,
16 ఫిబ్రవరి 2025

మామా,

లోహితకు పొక్కులు మాడుతున్నాయి. గోకకుండా చేతులకు మీ పాత పంచె ముక్కలు చుట్టాను.

భవిత నిన్న వచ్చింది. ఉపకార వేతనం మొత్తం తిరిగి కట్టేస్తానంది. "అతనికిచ్చిన మాట తప్పినాను మేడమ్. నేనీ పనికి పనికిరాను" అంది. గిరిప్రసాద్ గారు కూడా, తప్పు తప్పేనమ్మా అన్నారు. తల్లి అడిగినప్పుడు ఏం చెప్పాల్సిందో మాత్రం ఆయనా చెప్పలేకపోయారు. నేను డబ్బు తీసుకోనన్నాను. ఉద్యోగంలో చేరి, పదేళ్ల తర్వాత ఇదే మాట నాతో మళ్లీ చెప్పు, అప్పుడు వింటానన్నాను.

మీరు కాగితం మీద సంతకం పెట్టాలని నేనిక అడగను. మీ ఇష్టం. దేవకమ్మ ఎలా ఉంది?

మోనిక

*

నగరి,
3 మార్చి 2025

చిరంజీవి మోనికకు,

నాలుగు రోజులు ఆమె తలుపు తీయలేదు. ఐదో రోజు పొద్దున స్నానం చేసి, మంచి చీర కట్టుకుని మా ఇంటికి వచ్చింది. "సిత్తూరుకు పోదాం రా సామీ" అంది. చొక్కా వేసుకుని బయల్దేరాను.

పోయినేడు మేం ఫిర్యాదు రాసిచ్చిన ఆఫీసుకే వెళ్లాం. అదే అధికారి ఉన్నాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు. ఇంకా ఆచూకీ లేదమ్మా, రాశాం, చూస్తున్నామన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"తప్పిపోయినోడని రాసిందాన్ని కొట్టెయ్ సార్. వాడు తప్పిపోలా. దొంగని రాసుకో. యట్లయినా సరే, వాణ్ణి ఈ దేశానికి పట్టకరాండి."

ఆయన నా వైపు చూశాడు. నేను అవునన్నాను. ఆమె ఏజెంటు పేరు, వాడి పాస్‌పోర్టు కాపీ, వాడు చివర ఫోను చేసిన నంబరు, ఉన్నవన్నీ బల్ల మీద పెట్టింది. ఆయన రాసుకుంటూ, కేసు పడుతుందమ్మా, లోపల వేస్తారు అని రెండుసార్లు చెప్పాడు. ఆమె రెండుసార్లూ తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పుత్తూరు దాకా ఏడ్చి, తర్వాత నిద్రపోయింది.

ఎంపిక కాగితం సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. ఎందుకు పెట్టానని అడగకు. ఆ పిల్ల పోకపోతే ఈ తల్లి ఇంకా నవారు బిగిస్తూనే ఉండేది. అది మంచిదో కాదో తేల్చుకోలేను, కానీ బాలచంద్ర అయితే పంపేవాడనిపించింది.

మామ

*

నగరి,
22 ఆగస్టు 2025

చిరంజీవి మోనికకు, లోహితకు ఆశీస్సులు.

ఈసారి ఎంపికైన అబ్బాయి మలేసియా వెళ్తున్నాడని రాశావు. సంతోషం. వాడికి ఎవరి ఊరగాయలూ ఇచ్చి పంపొద్దు.

కంబోడియా నుంచి పంపేసిన గుంపులో మునికృష్ణ కూడా ఉన్నాడని పేపర్లో చూసే ఉంటావు. విమానం దిగగానే పట్టుకున్నారు. శ్రీనివాసులు మాస్టారి కేసులో కూడా పేరు చేర్చారట. నిన్న చిత్తూరు కోర్టుకు తెచ్చారు. దేవకమ్మతో నేనూ, మీ అత్తా పోయాం.

వాడు లావెక్కాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు. వాయిదా అయ్యాక, వెంట ఉన్న కానిస్టేబులు తల్లిని చూసి వరండా చివర బెంచీ మీద కాసేపు కూర్చోనిచ్చాడు. ఆమె ఇడ్లీలు, కారం తెచ్చింది. విస్తరి పరిచి వాడి ఒళ్లో పెట్టింది. వాడు తల ఎత్తలేదు. పక్కన నన్ను చూసి, నాతోనే అన్నాడు.

"ఆ యక్క నాకు మాట ఇచ్చి తప్పింది సామీ."

నేను ఏదో చెప్పబోయాను. దేవకమ్మ నన్ను చెప్పనివ్వలేదు.

"అవున్రా, తప్పింది. తిను" అంది.

వాడు మెల్లగా తినడం మొదలుపెట్టాడు. కానిస్టేబులు గడియారం చూసుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె వాడి ఎదురుగా నేల మీద కూర్చుంది, విస్తరి ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

మామ
సుబ్రమణ్యం